ఎవరి ప్రమాణం వాళ్ళ నోటితోనే

నా వీడ్కోలు సభలో ఆరుగురు మాట్లాడారు. ఒకాయన నేను కాగితాల కట్టలకు దారం గట్టిగా కట్టేవాడినన్నాడు. ఇంకొకాయన నేను సెలవులు తక్కువ పెట్టేవాడినన్నాడు, అది నిజం కూడా కాదు. మూడో ఆయన నా పేరు తప్పు చెప్పాడు. ఎవరూ దిద్దకపోయేసరికి అదే పేరుతో చివరిదాకా పొగిడాడు. కోర్టులో బెంచి క్లర్కుగా నేను వేలమంది సాక్షులతో ప్రమాణం చేయించానన్న సంగతి మాత్రం ఒక్కరి నోటా రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్ళకు రిజిస్టర్లు ఎలా నింపాలో పైవాళ్ళు నేర్పుతారు. సాక్షి ఎదుట ఎలా నిలబడాలో నేర్పరు. నాకూ నేర్పలేదు. నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ఆ తప్పు వల్ల ఒక ఆడమనిషికి బావి నీళ్ళు పోబోయాయి. ఆ సంగతే ఇక్కడ ముఖ్యం.

హోసూరు, కృష్ణగిరి వైపు నాలుగు కోర్టుల్లో పనిచేశాను. ఏది ఏ కోర్టులో జరిగిందో చెప్పను. నాతో పోట్లాడే ఓపిక ఉన్నవాళ్ళు కొందరు ఇంకా బతికే ఉన్నారు.

రెండు దారులు

సాక్షి బోనెక్కగానే బెంచి క్లర్కు లేచి రెండు మాటల్లో ఒకటి చెప్పించాలి. దేవుని సాక్షిగా నిజమే చెబుతానని ఒకటి, మనస్సాక్షిగా నిజమే చెబుతానని ఇంకొకటి. చట్టం దృష్టిలో రెండింటి బరువూ సమానమే. మంత్రులకూ, న్యాయమూర్తులకూ రాజ్యాంగంలో ఉన్న ఏర్పాటు కూడా ఇలాంటిదే.

దేశం కొత్తగా ఏర్పడినప్పుడు పెద్దవాళ్ళు దీని గురించి గట్టిగానే వాదించుకున్నారని చదివాను. రాజ్యాంగ పీఠికను దేవుడి పేరుతో మొదలుపెట్టాలని కొందరు పట్టుబట్టారు. ఎక్కువమంది ఒప్పుకోలేదు. ప్రమాణాల దగ్గర మాత్రం దేవుణ్ణి ఉంచారు, ఆ పక్కనే ఆయన పేరు లేని దారినీ ఉంచారు. వాళ్ళు చేసిన తెలివైన పనుల్లో ఇది ఒకటని నా అభిప్రాయం. నీ దేవుణ్ణి నువ్వు వెంట తెచ్చుకో, లేదంటే ఒంటరిగా రా, వచ్చి నిజం చెప్పు. ఇంతే దేశం అడిగేది.

ఇంత ఆలోచించి పెట్టిన ఏర్పాటు కడపటికి ఎవరి చేతిలో పడింది? పదిన్నరకు మొదటి సాక్షిని పిలిచి, భోజనాల వేళకు నాలుగో సాక్షిని కూడా పంపించేయాలని తొందరపడే నాలాంటి గుమాస్తా చేతిలో.

జనానికీ దీని గురించి తెలిసింది తక్కువ. తొంభైల్లో హోసూరు ఫ్యాక్టరీలకు ఆంధ్రా జిల్లాల నుంచి పనికి వచ్చినవాళ్ళు చాలామంది సినిమాల్లోనే కోర్టు చూసి ఉండేవాళ్ళు. ఒక సూపర్వైజరు బోనెక్కి చుట్టూ చూశాడు.

"పుస్తకం ఏదండీ?"

"పుస్తకం లేదు" అన్నాను.

"మరి దేని మీద చెయ్యి పెట్టాలి?"

"దేని మీదా అక్కర్లేదు. నేను చెప్పింది చెప్పు."

"అదెలా కుదురుతుందండీ? ఊరికే నోటితో చెబితే ఎవరు నమ్ముతారు?"

నేను జవాబు చెప్పేలోగా నా బల్ల మీదున్న ఎర్ర అట్ట పుస్తకం ఆయన కంట్లో పడింది. వంగి దాని మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. అది మా ఆఫీసు హాజరు పట్టీ. అందులో మాలో ఎవరమూ ఏనాడూ నిజం రాయలేదు. ఆయన మాత్రం దాని మీద చెయ్యి పెట్టినందుకు గంటసేపు నిజమే చెప్పాడు, తను పనిచేసే కంపెనీకే నష్టం కలిగేటట్టు. ఆ రోజు నేను నవ్వుకున్నాను గానీ, అక్కడ నేర్చుకోవలసింది నేర్చుకోలేదు.

అరటిపండు సంగతి

మా శిరస్తదారు గురించి చెప్పాలి. ఆఫీసు సిబ్బందికంతా పెద్ద గుమాస్తా ఆయన. పేరు రాయను. గొప్ప భక్తుడు. శుక్రవారం శుక్రవారం గోడ గడియారానికీ, టైపు మిషన్లకూ, చివరికి కోర్టు సీలుకూ పసుపు కుంకుమ పెట్టేవాడు. ఆ కుంకుమ టైపు మిషన్లో పడి, మా టైపిస్టు కొట్టిన తీర్పులు సోమవారం దాకా ఎర్రెర్రగా వచ్చేవి. ఆమె చర్చికి వెళ్ళే మనిషి. మిషన్ను చీర కొంగుతో తుడుచుకునేది.

ఆయుధపూజకు కోర్టు వాకిట్లో గుమ్మడికాయ కొట్టి, అందరికీ బొరుగులు, శనగలు, అరటిపండు పంచేవాడు. ఒక ఏడు నా పొట్లంలో అరటిపండు లేదు. అడిగితే "లెక్క తప్పింది" అన్నాడు. పదిహేడుమందిలో లెక్క నా దగ్గరే ఎందుకు తప్పాలి?

ప్రభుత్వ ఆఫీసు అందరిదీ, అందులో ఒకరి పూజ ఆఫీసు పూజ కాకూడదని నేను పైకి ఒక పిటిషన్ రాశాను. అరటిపండు కోసం రాశానని ఆయన ప్రచారం చేశాడు. అది అబద్ధం. నేను సూత్రం కోసమే రాశాను. అరటిపండు గురించి రెండో పేరాలో మాత్రమే ఉంది.

ఆ తరువాత, జరగని పనులను జరిగినట్టు రిజిస్టర్లో రాస్తున్నాడని ఆయన మీద ఇంకొక పిటిషన్ పెట్టాను. అది విచారణలో ఉండగానే ఎల్లప్ప బోనెక్కాడు.

ఎల్లప్ప ఊ అన్నాడు

కుందారపల్లి దగ్గర ఒక చిన్న ఊళ్ళో అన్నదమ్ములిద్దరికి కలిపి ఒక బావి ఉంది. వారంలో నాలుగు రోజులు అన్న రామకిష్టప్ప వంతు, మూడు రోజులు తమ్ముడి వంతు. తమ్ముడు చనిపోయాడు. అతని భార్య మునెమ్మ ఎకరంలో మల్బరీ పెట్టి, ఇంట్లో పట్టుపురుగులు పెంచుతూ ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తోంది. రామకిష్టప్ప ఒకరోజు మోటారు గదికి తాళం వేశాడు. చనిపోక ముందు తమ్ముడే తన మూడు రోజుల వంతును నోటిమాటగా తనకు వదిలేశాడని అన్నాడు. మునెమ్మ కోర్టుకు వచ్చింది. నీళ్ళు లేకపోతే ఆకు లేదు, ఆకు లేకపోతే పురుగులు లేవు. ఆమె కేసు అంతా ఇదే.

ఆ నోటిమాట విన్నానని చెప్పే సాక్షి ఒక్కడే, గొర్రెలు మేపే ఎల్లప్ప. డెబ్భై ఏళ్ళ మనిషి, భుజం మీద నల్ల కంబళి. తెలుగు, కన్నడం మాట్లాడతాడు. అరవం వినబడితే తల ఊపుతాడు.

ఆ రోజు నా చేతిలో పద్నాలుగు కేసులున్నాయి. నేను నా బల్ల దగ్గరే నిలబడి, ఎల్లప్ప వైపు చూడకుండానే, ప్రమాణం మొత్తం తమిళంలో ఒక్క ఊపులో చదివాను. కట్టుబాటు ప్రకారం సాక్షి నా వెనకే ఒక్కొక్క మాట పలకాలి. ఎల్లప్ప "ఊ" అన్నాడు. ప్రమాణం చేయించినట్టు నేను రాసి సంతకం పెట్టాను. తరువాత ఆయన, తమ్ముడు తన వంతు వదులుకుంటానని అనగా విన్నానని నిదానంగా, తడబడకుండా చెప్పి దిగిపోయాడు.

సాయంకాలం కోర్టు ఎదుట టీ కొట్టు దగ్గర నేను గ్లాసు పట్టుకొని నిలబడి ఉన్నాను. బెంచీ మీద ఎల్లప్ప. ఆయన ముందు మునెమ్మ. నన్ను ఇద్దరూ గమనించలేదు. నన్ను గమనించకపోవడం ఆ కోర్టులో కొత్తేమీ కాదు.

"మామా, నా మొగుడు ఆ మాట ఎప్పుడనె? నువ్వు యాడ విన్యావు?"

"వినలేదు తల్లీ."

"వినలేదా? బోనెక్కి విన్యానని జెప్తివే."

"జెప్పినాను. ఏం జేసేది? ఎండాకాలమంతా నా మంద మీ బావ బీట్లోనే మేస్తా ఉండాది. జెప్పకుంటే మందను తోలేస్తానన్యాడు."

"సత్యం జేసి అబద్దం జెప్పినావు గదా, నీ మంద నిలుస్తాదా?"

ఎల్లప్ప గ్లాసు కింద పెట్టాడు. నిజంగా ఆశ్చర్యపోయాడు.

"నేను యాడ సత్యం జేసినాను? ఆ గుమాస్తా అయ్య జేసినాడు. అరవంలో గడగడా ఆయప్పే జేసుకొన్యాడు. నేను ఊ అన్యాను, అంతే. కతకు ఊ కొడితే కత నాదవుతాదా?"

మునెమ్మ సంచి భుజాన తగిలించుకుంది.

"ఇంగ జూడు" అన్నాడు ఎల్లప్ప, చిన్నపిల్లకు చెప్పినట్టు. "సత్యం జేసింది ఆయప్ప, ఆయప్ప అబద్దం జెప్పలే. అబద్దం జెప్పింది నేను, నేను సత్యం జేయలే. పాపం ఎవురికీ లేదు."

"పాపం ఎవురికీ లేదు, నీళ్ళు మాత్రం నాకు లేవు" అని మునెమ్మ బస్సుకు వెళ్ళిపోయింది.

నా మీద నేను రాసిన పిటిషన్

ఆ శని, ఆదివారాలు మత్తిగిరిలో మా ఇంట్లో నేను ఎవరితోనూ మాట్లాడలేదు. మామూలుగా అయితే మా ఆవిడ సంతోషించేది. ఈసారి మాత్రం ఎవరితో గొడవ అని అడిగింది. నాతోనే అన్నాను. "అయితే తొందరగా తెగదు" అంది.

ఊరుకోవచ్చు. ప్రమాణం చేయించడం తప్పిపోయినా సాక్ష్యం చెల్లుతుందని చట్టంలోనే ఉంది. బయటపెడితే, జరగని పనిని జరిగినట్టు రాశాడని నేను శిరస్తదారు మీద పెట్టిన పిటిషన్ నా మీదికే తిరుగుతుంది. ఆ మనిషి నవ్వే నవ్వు నాకు ముందే వినిపిస్తోంది.

అయినా చెప్పాను. మునెమ్మ మీద జాలితో అని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది. జాలి ఉంది గానీ, అసలు కారణం అది కాదు. నా నోటి ప్రమాణాన్ని గొడుగులా పట్టుకొని ఒక మనిషి దాని కింద అబద్ధం చెప్పి వెళ్ళాడు. నన్ను అడగకుండా నా సత్యాన్ని వాడుకున్నాడు. అలాంటిది నేను ఎవరి దగ్గరా సహించలేదు.

సోమవారం పొద్దున్నే న్యాయమూర్తి గదిలోకి వెళ్ళి కాగితం ఇచ్చాను. ఉద్యోగంలో నా మీద నేను రాసుకున్న పిటిషన్ అదొక్కటే. రెండు పేజీలే వచ్చింది. ఇతరుల మీద రాస్తే నాలుగుకు తగ్గేది కాదు.

ఆ న్యాయమూర్తి వయసులో చిన్న, తమిళనాడు దక్షిణ జిల్లాల మనిషి, తెలుగు రాదు. దేవుడి పేరున కాక మనస్సాక్షి మీద ప్రమాణం చేసి ఉద్యోగంలో చేరినావిడ. ఆ సంగతి తనే చెప్పేది, దాచుకునేది కాదు. శిరస్తదారుకు అది పెద్ద బాధ. ఆమె కుర్చీకి కుంకుమ పెడితే ఆమె చేతిరుమాలుతో తుడిచి కూర్చునేది.

కాగితం చదివి అడిగింది. "ఊ అన్నాడా?"

"ఊ అన్నాడమ్మా."

"మీరు ప్రమాణం చేయించినట్టు సంతకం పెట్టారా?"

"పెట్టాను."

"రెండో పేజీ అంతా శిరస్తదారు గురించి ఉంది. ఎందుకు?"

"సందర్భం వచ్చింది కాబట్టి."

ఆమె రెండో పేజీ విడదీసి నాకు తిరిగి ఇచ్చేసింది. మొదటి పేజీని ఆ రోజే బహిరంగ కోర్టులో చదివించి, ఎల్లప్పను మళ్ళీ పిలవమని ఉత్తరువు వేసింది. రామకిష్టప్ప వకీలు లేచి, ప్రమాణం లేకపోయినా సాక్ష్యం చెల్లుతుందన్నాడు. "చెల్లదని నేననలేదు. మళ్ళీ వింటానన్నాను" అంది ఆమె. నా వెనక శిరస్తదారు నవ్వాడు. నేను ఊహించిన నవ్వే.

మందలో పదకొండు గొర్రెలు

వాయిదా రోజున నేను నా బల్ల వదిలి బోను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. తెలుగులో అడిగాను.

"ఎల్లప్పా, దేవుని సాక్షిగా చెబుతావా, మనస్సాక్షిగా చెబుతావా?"

"దేవుడంటే ఏ దేవుడప్పా?"

"నీ దేవుడే."

"నా దేవుడు ఊర్లో ఉండాడు. ఆయన్ని ఆడ వదిలి నేను బస్సెక్కి వచ్చినాను. ఆడుండే సామిని ఈడికి సాచ్చిగా ఎట్ల పిలిచేది?"

"అయితే మనస్సాక్షిగా చెప్పు."

"మనసా? పోయినతూరి ఊ అన్యది ఆ మనసే గదప్పా."

నేను ఇదంతా తమిళంలో చెప్పాను. న్యాయమూర్తి కలం కింద పెట్టి, మరి ఈయనను కట్టివేసేది ఏది అని అడగమంది. ఎల్లప్ప భుజం మీది కంబళి తీసి చూపించాడు. వాళ్ళ ఇళ్ళల్లో పెద్ద తగవు వస్తే నల్ల కంబళి పరిచి, దాని మీద చిటికెడు పసుపు పోసి, ఉత్త కాళ్ళతో నిలబడి చెబుతారట. దాని మీద నిలబడి అబద్ధమాడితే మంద కూలిపోతుంది.

శిరస్తదారు ఉండలేక గుసగుసగా అన్నాడు. "అమ్మా, ఇది కోర్టా, గొర్రెల దొడ్డా?"

ఆమె చట్టం పుస్తకం తెప్పించి చదివింది. సాక్షి తన జనం కట్టుబడే పద్ధతిలో ప్రమాణం చేస్తానంటే, న్యాయానికీ మర్యాదకూ విరుద్ధం కాకపోతే, మూడో మనిషికి తగిలేది కాకపోతే, కోర్టు ఒప్పుకోవచ్చు.

"కంబళి పరిస్తే మర్యాదకు ఏం లోటు?" అని శిరస్తదారును అడిగింది.

"వాసనమ్మా."

"వాసన గురించి ఇందులో లేదు. పసుపు ఎక్కడ దొరుకుతుంది?"

శిరస్తదారు సొరుగులో పొట్లం ఉందని చెప్పింది నేనే. ఆయనే తెచ్చి ఇవ్వవలసి వచ్చింది. నా ఉద్యోగంలో అంత తృప్తిగా గడిచిన నిమిషాలు ఎక్కువ లేవు.

ఎల్లప్ప బోను ముందు కంబళి పరిచాడు. చెప్పులు దూరంగా విడిచి, పసుపు ముట్టి నిలబడ్డాడు. "ఈ కంబళి మీద నిలబడి జెప్తాను. తప్పు జెప్తే నా మంద కూలిపోనీ."

అంతలో రామకిష్టప్ప తన వకీలు నల్లకోటు పట్టుకొని గుంజాడు. వకీలు వంగి విని, లేచాడు. ఆయన మంచి వకీలే. ఆ రోజు మాత్రం చెప్పమన్నది చెప్పాడు.

"అభ్యంతరం. ఈ ప్రమాణం మూడో మనిషికి తగులుతుంది. ఆ మందలో నా కక్షిదారువి పదకొండు గొర్రెలు ఉన్నాయి. వాటిని మినహాయించాలి."

న్యాయమూర్తి ఫైల్లో సాక్షుల జాబితా తిరగేసింది.

"ఈ సాక్షి ఎవరి సాక్షి?"

"మా సాక్షేనమ్మా."

"పోయినసారి మీ తరఫున చెప్పిన మాటే కదా మళ్ళీ చెప్పబోయేది?"

"అవునమ్మా."

"ఆ మాట నిజమైతే, మీ కక్షిదారు గొర్రెలకు వచ్చే ప్రమాదం ఏమిటి?"

వకీలు తన కక్షిదారు వైపు తిరిగాడు. కక్షిదారు నేల వైపు చూశాడు. కూత వేసే బంట్రోతు ఒక్కడే పకపకా నవ్వి, తరువాత దగ్గినట్టు సర్దుకున్నాడు.

ఎల్లప్ప నా వైపు వంగి అడిగాడు, ఏమంటున్నారని. చెప్పాను. ఆయన పెద్దమనిషి తరహాలో చెయ్యెత్తాడు.

"ఆ పదకొండూ తీసేసి జెప్తానని జెప్పప్పా అమ్మకు. నోరులేని జీవాలు. ఆయన జేసినదానికి అవి యాల చచ్చేది?"

ఆ పదకొండు గొర్రెలనూ మినహాయించినట్టు న్యాయమూర్తి రాసుకుంది. ఈ దేశంలో ఏ ప్రమాణానికైనా అలాంటి షరతు ఉందో లేదో నాకు తెలియదు. అప్పుడు ఎల్లప్ప చెప్పాడు. "తమ్ముడు ఆ మాట అనంగా నేను వినలే. ఆ పొద్దు నేను ఆడ లేనే లేను. జెప్పమన్యారు, జెప్పినాను." మునెమ్మ వెనక బెంచీలో కూర్చుని, రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకొని ఉంది. ఆయన కంబళి దులిపి భుజాన వేసుకునేదాకా ఆమె చేతులు తీయలేదు.

మధ్యాహ్నం ఫైలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు న్యాయమూర్తితో అన్నాను, మీకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు కదమ్మా అని.

"నాకు లేదు. ఆయనకుంది. నిజం చెప్పాల్సింది నేను కాదు కదా" అంది.

అబద్ధ సాక్ష్యానికి ఎల్లప్ప మీద కేసు పెట్టాలా అని ఆమె ఆలోచించి, మొదటిసారి సరిగ్గా ప్రమాణమే చేయించలేదు కాబట్టి వదిలేసింది. అంటే నా తప్పే ఆయనను కాపాడింది. ఆయనా ఆ మాట ఎత్తలేదు. మునెమ్మకు వారంలో మూడు రోజుల వంతు ఖాయమైంది. తీర్పులో "సాక్షిని తిరిగి పిలిపించగా" అని ఉంది. ఎవరు చెప్పగా పిలిపించారో లేదు. నాకు మాత్రం విధుల్లో అజాగ్రత్త అని మెమో వచ్చింది. అది నా సర్వీసు పుస్తకంలో ఇప్పటికీ ఉంది. నేను చూసిన న్యాయమూర్తుల్లో ఆమె అందరికంటే మేలు. ఆ మెమోను మాత్రం నేను క్షమించలేదు.

కొత్తవాళ్ళకు

బల్ల దగ్గర నుంచి చదవకండి. బోను దగ్గరికి నడవండి, ఏడెనిమిది అడుగులే. సాక్షికి వచ్చిన భాషలో చెప్పండి. ఆయన నోరు తెరిచి ప్రతి మాటా పలికేదాకా ఆగండి. నేను ఆగడం మొదలుపెట్టాక రోజుకు ఇద్దరు సాక్షులు తగ్గారు. తరువాత వచ్చిన న్యాయమూర్తి నన్ను "గుడి పూజారి" అని వెక్కిరించాడు. వెక్కిరించనీయండి. ఆయన ఏ తేదీన అన్నాడో నేను రాసి పెట్టుకున్నాను.

మనిషిని చూసి ఆయన దేవుణ్ణి మీరు నిర్ణయించకండి. బొట్టు లేదని ఒకామెను చూసి, క్రైస్తవురాలనుకొని, మీ ప్రభువు సాక్షిగా చెప్పమ్మా అన్నాను. ఆమె భర్త పోయి నెల కాలేదు. ఆమె ఏమీ అనలేదు. నా మీద పడ్డ నిందలన్నీ నాకు గుర్తున్నాయి గానీ, ఆ అనని మాటే అన్నిటికంటే ఎక్కువ గుర్తు.

ఎల్లప్పకు ముందు పదకొండేళ్ళు నేను తమిళంలో గడగడా చదివాను. వాళ్ళలో ఎంతమంది ఊ అని ఊరుకున్నారో తెలియదు. ఎల్లప్ప తర్కమే నిజమైతే, ఈ తాలూకాల్లో నాకంటే ఎక్కువ ప్రమాణాలు చేసిన మనిషి ఉండడు.

మునెమ్మ వంతు రోజు

తీర్పు నకలు తీసుకోవడానికి వచ్చినప్పుడు మునెమ్మ నా బల్ల దగ్గర ఆగింది. కృతజ్ఞత చెబుతుందేమోనని కలం మూత పెట్టాను.

"ఎల్లప్ప మామ మీకొక మాట జెప్పమన్యాడు. ఆయన పేరుతో మీరు జేసిన సత్యం అట్లే నిలిచిపోయినాదంట. అది తీరాలంటే మీరొచ్చి కంబళి మీద నిలబడాలంట."

నేను ప్రభుత్వోద్యోగిని, ఇలాంటివి కుదరవని చెప్పాను. ఆమె "సరేప్పా, జెప్తాను" అని వెళ్ళిపోయింది. మూడు వారాలు ఆ మాట నన్ను పట్టుకొని వదల్లేదు. నా తప్పుకు శిక్ష ఆఫీసు వేసింది. నా తప్పు వల్ల కేసు సాగి, మునెమ్మ రెండు పంటల ఆకు పోగొట్టుకుంది. దానికి మాత్రం ఎవరూ నన్ను ఏమీ అడగలేదు.

ఒక ఆదివారం కుందారపల్లిలో బస్సు దిగి నడిచి వెళ్ళాను. ఎల్లప్ప మంద ఇప్పుడు మునెమ్మ చేలో ఉంది. రామకిష్టప్ప తన బీట్లోంచి తోలేశాడట. మందను ఇక్కడ కట్టుకో, ఎరువన్నా మిగులుతుందని ఆమే పిలిచిందట. ఆ రోజు ఆమె నీళ్ళ వంతు. మోటారు ఆడుతోంది. ఆమె పారతో కాలువ గట్టు మీద ఉంది.

ఎల్లప్ప ఏమీ అడగకుండా అక్కడే గట్టు మీద కంబళి పరిచాడు. నేను చెప్పులు విడిచి నిలబడ్డాను.

"జెప్పప్పా. ఆ పొద్దు తొందరలో నేనే జేసినాను, ఆయనతో జేయించలేదు అని జెప్పు."

"చెబుతాను."

"ఎవురి సాచ్చిగా?"

నేను వేలమందిని అడిగిన ప్రశ్న. పక్కన నిలబడి నన్ను అడిగింది ఆయనొక్కడే. ఇంకోసారి వచ్చి చెబుతానన్నాను.

"వాయిదాలు మీ కోర్టులో. కంబళి మీద లేవు."

చెప్పాను. ఎవరి సాక్షిగా చెప్పానో మా శిరస్తదారు రిటైరయ్యేదాకా అడుగుతూనే ఉన్నాడు. అది ఆయన అడగవలసిన సంగతి కాదు, నేను ఇక్కడ రాయవలసిందీ కాదు.

ఎల్లప్ప తల ఊపాడు. ఈసారి ఊ అనలేదు. మునెమ్మ పార భుజాన పెట్టుకొని మా ఇద్దరినీ చూస్తోంది.

"అయినాదా?"

"అయింది" అన్నాను.

"అయితే కంబళి తీసి దిగండప్పా. మడవ మీ కాళ్ళ కిందుండాది. కరెంటు పోయే లోపల నీళ్ళు ఆ పక్కకు తిప్పాల."

మేము దిగాము. ఆమె మడవ దగ్గర గట్టు తెగ్గొట్టింది. నీళ్ళు మల్బరీ సాళ్ళలోకి మళ్ళాయి.